ఫ్యాను కన్నంలో కాపురం

"ఆదివారం పదింటికి ఎలక్ట్రీషియన్ వస్తాడు. వంటింట్లో ఫ్యాను బాగుచేయిస్తున్నా," అన్నాడు మొగుడు, కొత్త సోఫా గుడ్డ వాసన చూసి మొహం చిట్లిస్తూ.

ఎనిమిది నెలలుగా ఆ ఎగ్జాస్ట్ ఫ్యాను చచ్చి పడుంది. నూనె కాగిన ప్రతి పూటా ఆమె దగ్గుతూనే ఉంది. చెప్పినప్పుడల్లా మొగుడిది ఒకటే మాట: "రెండ్రోజులు పోతే అలవాటైపోతుందిలే." ఆమె దగ్గుకి కదలని మనిషి, సోఫాకి వేపుడు వాసన పట్టిందని అది కొన్న మూడో రోజుకే ఫోన్ చేశాడు. పోనీలే, ఇప్పటికైనా చేశాడు అనుకోవడానికీ లేదు. ఇప్పుడు ఆ ఫ్యాను కన్నంలో ఒక కాపురం ఉంది.

బొటనవేలంత పిట్ట. మట్టిరంగు ఒళ్లు, కంటిమీద సున్నంతో గీసినట్టు సన్నటి చార, ఎప్పుడూ నిక్కబొడుచుకునుండే తోక. ఆ పిసరంత గొంతులోంచి వీధంతా వినబడే పాట! ఆగిపోయిన రెక్కల వెనకాల పీచూ పుల్లలూ కుక్కి గూడు కట్టింది. అందులో ఇప్పుడు నాలుగు నోళ్లు. గోడ పగుళ్లలో సాలీళ్లనీ, కుండీల్లో ఆకుపురుగుల్నీ ముక్కున కరుచుకుని మాటిమాటికీ వచ్చి వాలుతుంది. పోతూ పోతూ పిల్లల రెట్ట కూడా ముక్కుతోనే బయటికి మోస్తుంది. నిజానికి ఉన్నవి రెండు పిట్టలు. వాటిలో మగది ఏదో నెల రోజులు చూసినా ఆమెకి తేలలేదు. రెండూ పని చేస్తున్నాయి మరి.

"ఏవండీ, గూట్లో పిల్లలున్నాయి. పది రోజులాగితే ఎగిరిపోతాయి."

"దానికి బయట చెట్లే కరువయ్యాయా? నీకన్నీ గండాలే కనిపిస్తాయి."

అత్తగారు అందుకుంది. "మనవరాలు బడినుంచి అయిదు నిమిషాలు ఆలస్యమైతేనే గుమ్మంలో వణుకుతూ నిలబడతావు. ఇప్పుడు పిట్టలక్కూడానా, తల్లీ?"

అదీ నిజమే. కూతురు తుమ్మితే ఆసుపత్రి, ఫోన్ మోగితే చావుకబురు. ఆమె బుర్ర అలాగే పరిగెడుతుంది. కానీ ఇన్నేళ్లలో ఆమె భయపడ్డ ఏ గండమూ ముందుగా వేళ చెప్పలేదు. ఇది చెప్పింది: ఆదివారం, పదింటికి. వచ్చినవాడు గూడు లాగి పారేస్తాడు. లాగకపోతే పిల్లల పక్కనే ఫ్యాను రెక్కలు తిరుగుతాయి.

ఆదివారం ఎనిమిదింటికి మొగుడు స్నానానికి వెళ్లాడు. ఆమె గ్యాస్ పొయ్యి ఎత్తి హాల్లో సోఫా పక్కన బల్లమీద పెట్టింది. సిలిండర్ దొర్లించుకొచ్చింది. పైపుకి సబ్బు నురగ రాసి లీకుందేమోనని మూడుసార్లు చూసింది. భయం భయమే. వంటింటికి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది. మూకుడులో నూనె కాగాక ఎండుమిరపకాయలు వేసింది.

మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని దగ్గుకుంటూ వచ్చాడు. "ఇదేంటి, ఇక్కడ?"

"పిల్లలు ఎగిరేదాకా వంట ఇక్కడేనండీ. ఎలక్ట్రీషియన్‌ని పది రోజులాగి రమ్మనండి."

"సోఫా..." అంటూనే దగ్గు ముంచుకొచ్చి కళ్లు తుడుచుకున్నాడు. అవతల గదిలో అత్తగారు తుమ్మింది.

ఆమె గరిటె తిప్పుతూ, నెమ్మదిగా అంది: "రెండ్రోజులు పోతే అలవాటైపోతుంది లెండి."