శనివారం చిన్ను చెప్పే కథ

శనివారం వచ్చిందంటే శేరిలింగంపల్లిలోని ఆ వీధిపిల్లల వసతిగృహానికి దయ బస్సెక్కి వస్తుంది. వారమంతా గాజు మేడల్లో కోడ్ రాసే బిడ్డలు ఆ రోజు కోడి బిర్యానీ పొట్లాలతో దిగుతారు. మంచివాళ్ళే. ఒక పిల్ల తన బాధ చెబితే వింటారు, కళ్ళు తుడుచుకుంటారు, ఫొటో దిగుతారు. కథ కంచికి, వాళ్ళు ఇంటికి. చెప్పిన పిల్ల ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు.

చెప్పే వంతు పదేళ్ళ చిన్నుది. వంతెన కింద నిద్రపోతున్న తల్లిని లారీ తొక్కేసిన సంగతి ఆ పిల్లలా చెప్పేవారు లేరు. చెప్పడం నేర్పింది ఆయమ్మ కిష్టమ్మ.

"లారీ అన్నంక జర ఆగాలె బిడ్డా. అప్పుడు వచ్చిన మేడమ్ దిక్కు సూడు," అని జడ వేస్తూ దిద్దేది. నలుగురి కంట పడితే పిల్లకో దారి దొరుకుతుందని ఆమె ఆశ. ప్రతి ఆదివారం తెల్లారేసరికి చిన్ను పక్క తడిసి ఉండేది. దుప్పటి ఉతికేదీ కిష్టమ్మే. శనివారానికీ ఆ దుప్పటికీ ముడి ఉందని మాత్రం ఆమెకు తట్టలేదు.

జూన్‌లో చిన్నును చేర్చడానికి నల్లగండ్ల బడికి తీసుకెళ్ళింది. ధైర్యంగా మాట్లాడితే నాలుగో తరగతి, లేకపోతే ఒకటి.

"ఒకటిల కూసోబెడితే పోరగాళ్ళు నన్ను ముసలమ్మ అంటరు ఆయమ్మా," అంది చిన్ను దారిలో.

"ఫికర్ జెయ్యకు. నీ నోరు నాకెరక లేదా?"

ప్రధానోపాధ్యాయురాలు భార్గవి నవ్వుతూ అడిగింది: "నీ గురించి చెప్పమ్మా."

చిన్ను చేతులు కట్టుకుంది. "మేం వంతెన కింద పండుకునేటోళ్ళం..." లారీ దగ్గర ఆగింది. భార్గవి వైపు చూసింది. సరిగ్గా అక్కడే కన్నీరు పెట్టుకుంది. అంతా అయ్యాక చప్పట్ల కోసం నిలబడింది.

చప్పట్లు రాలేదు. భార్గవి లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"అది లారీ కథ తల్లీ. నీ సంగతి చెప్పు. నీకేం ఇష్టం? ఏం ఆడతావు?"

చిన్ను కిష్టమ్మ వైపు తిరిగి మెల్లగా అంది: "ఆయమ్మా, గిది నేర్పలే గద."

కిష్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శనివారాల సంగతంతా, ఆదివారం తడిసే దుప్పటితో సహా భార్గవికి చెప్పేసింది.

"నాలుగులోనే కూర్చోబెడతాను," అంది భార్గవి. "కానీ మా బడి శనివారం కూడా ఉంటుంది. ఆ రోజు తను ఇక్కడే ఉండాలి. వారం వారం ఆ లారీ కిందికి పంపకండి."

ఆ మాటే వసతిగృహం మేనేజరు పార్థసారథికి ఫోనులో చెప్పింది కిష్టమ్మ.

"అయ్యో, ఈ వారం నీహారికగారి కంపెనీ టీము వస్తున్నారే. సరేలెండి కిష్టమ్మగారూ, వేణుకి నేర్పించండి. వాడిదీ మంచి కథే."

"నేనైతె నేర్ప సారూ. మీ ఇంట్ల సావైతే వారానికోపాలి మైకు ముంగట ఏడుస్తరా?"

కిష్టమ్మ నేర్పలేదు. పార్థసారథే నేర్పాడు.

అయ్యా, అమ్మా! వెళ్ళండి, వడ్డించండి, పక్కన కూర్చుని పుస్తకం చదివించండి. పిల్లల గాయాన్ని మాత్రం గేయంలా పాడించకండి. వాళ్ళ గాయం మానాలంటే, ముందు చూపించమని అడగడం మనం మానాలి.