చాపలూ మైక్రోస్కోపులూ

మా బడిలో ప్రార్థనా ఉంది, లెక్కలూ ఉన్నాయి. జీతాలు మాత్రం ప్రభుత్వ గ్రాంటు మీదే. ఎన్నికలు ముంచుకొచ్చేసరికి ఒక పార్టీ మతం నేర్పే బడులకు పైసా కూడా ఇవ్వబోమంది. రెండో పార్టీ అలాంటి బడులకే ముందు ఇస్తామంది. ఒకరి తర్వాత ఒకరు మా బడి చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు. ప్రధానోపాధ్యాయురాలిని నేను. తల పట్టుకు కూర్చున్నాను.

మొదటి రోజు ప్రార్థన గదిలోకి మైక్రోస్కోపులు చేరాయి. చాపలు చుట్టి బీరువా వెనక నిలబెట్టాం. ఇక మిగిలింది పిన్ని. మా అమ్మ చెల్లెలు. పిల్లలకు ప్రార్థన చెప్పేది ఆవిడే, నాకు ఇక్కడ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే.

"పిన్నీ, వాళ్ళు వెళ్ళేదాకా కాస్త సామాన్ల గదిలో కూర్చుంటావా?"

"ఏం, నేనూ చాపనేనా?" అని నవ్వి, కళ్ళజోడు తీసుకుని వెళ్ళింది. ఆ నవ్వుకు సిగ్గుతో చితికిపోయాను. అయినా తలుపు వేసింది నేనే. ఇద్దరు ఆడపిల్లలు ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చి వచ్చారు. మొదటి పార్టీ నాయకుడుగారు మైక్రోస్కోపులో కన్ను పెట్టి, ఫొటో దిగి, "బడంటే ఇదీ" అని వెళ్ళిపోయారు.

మర్నాడు మైక్రోస్కోపులు వెనక్కి, చాపలు ముందుకు. మంచి చీర కట్టుకు రమ్మని పిన్నికి చెప్పాను కూడా, సిగ్గులేని దాన్ని.

ప్రార్థన అయ్యాక రెండో పార్టీ నాయకురాలు పిన్ని చెయ్యి పట్టుకుంది. "నిన్న వాళ్ళొచ్చినప్పుడు కూడా చేయించారా అమ్మా, మానేశారా?"

కెమెరాలన్నీ పిన్ని వైపు తిరిగాయి. చేయించామంటే ఆ పార్టీ ఊరుకోదు, మానేశామంటే ఈ పార్టీ ఊరుకోదు. పోనీ ఏదో ఒకటి చెబుతుందా అంటే, పిన్ని నోట అబద్ధం రాదు. అబద్ధమాడిన పిల్లల్ని ఆవిడ కొట్టదు, తిట్టదు. నిజం చెప్పేదాకా పక్కన కూర్చోబెట్టుకుంటుంది. చిన్నప్పుడు నన్నూ అలాగే కూర్చోబెట్టింది.

పిన్ని కళ్ళజోడు తుడుచుకుంది.

"నిన్న నేను బడికే రాలేదమ్మా. ఒంట్లో బాగోలేదు."

మంచినీళ్ళు ఇచ్చిన పిల్లలిద్దరూ తల తిప్పి నన్ను చూశారు. నేల చీలిపోతే బాగుండుననిపించింది.

కార్లు వెళ్ళాక పిన్ని చాపలు చుడుతోంది. "నేను చుడతాలే పిన్నీ" అన్నాను.

"వద్దులే. రేపట్నుంచి పిల్లల్ని నువ్వే చూసుకో. నిజం చెప్పండర్రా అని ఇంక నేను వాళ్ళతో అనలేను."

మా బడిలో ఆ మాట అనగలిగింది ఇన్నాళ్ళూ ఆవిడొక్కతే.