సీసం నదిలో ఉంది

మా కోటలో ప్రతి డాలు వెనకా చేత్తో విసిరే బాణాలు అయిదు ఉండాలి. ఇనుప ములికి, చెక్క కాడ, మధ్యలో కోడిగుడ్డంత సీసపు గుండు. ఆ బరువుకే బాణం దూరం పోతుంది. మా నాన్న ముకపోర్ డాలు వెనక ములుకులూ కాడలూ ఉన్నాయి. గుండ్లు మాత్రం డాన్యూబ్ నది అడుగున మా చేపల వలకు బరువుగా వేలాడుతున్నాయి.

కొత్త దళపతి విటాలియో రేపు కవాతు చూస్తానన్నాడు. వసంతం వస్తే నాన్నకు సైన్యం నుంచి విడుదల. అందుకు దళపతి ఒప్పుకోవాలి. ఆయుధం పాడు చేసినవాడికి మాత్రం బెత్తం దెబ్బలూ, ఇంకొన్నేళ్ల కాపలా.

"వల ఎత్తుకురా," అంది అమ్మ నాన్నతో.

"నది పొంగి ఉందే. నీళ్లలో దిగితే నేనే తిరిగి రాను."

"ఇన్నాళ్లూ చేపలు తిన్నావుగా, ఈదలేవా?"

నాకు మనుషులతో మాట్లాడటం రాదు గాని, పిండితో బాగానే కుదురుతుంది. బార్లీ పిండి గట్టిగా పిసికి, ఉండలు చేసి, కాల్చి, సీసంలా కనబడేలా మసి పూశాను. నాన్న ఒకటి చేత్తో ఎగరేసి చూసుకుని, "మీ అమ్మ రొట్టెకన్నా మెత్తగానే ఉంది," అన్నాడు.

పొద్దున ఆడవాళ్లమంతా గోడ మీద నిలబడ్డాం. దళపతి డాళ్ల వెనక చూసి తల ఊపాడు. ముందు వరుస మోకాళ్ల మీద కూర్చుని డాళ్లు కలిపింది. రెండో వరుస వాటిపైన తమ డాళ్లు నిలిపింది. అందరూ డాళ్ల వెనక నోళ్లు పెట్టి యుద్ధపు కేక మొదలెట్టారు. అది గొణుగుడుగా పుట్టి అలలా లేవాలి.

"విసరండి," అన్నాడు దళపతి.

వెనక వరుసలో ఉన్న నాన్నవాళ్లు విసిరారు. బాణాలన్నీ ముందువాళ్ల మడమల దగ్గరే పడ్డాయి. నాన్న బాణం నుంచి ఊడిన ఉండ ఒక్కటే ఎగిరి, ఎదురుగా నిలబడ్డ దళపతి శిరస్త్రాణానికి తగిలి పగిలింది. కేక సగంలో ఆగి దగ్గుగా మారింది.

దళపతి గడ్డంలోని పొడి తీసి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పు తక్కువ. ఎవరిది?"

నాన్న ముందుకొచ్చాడు.

"సీసం ఏదయ్యా?"

గోడ మీంచి నాకు మాటెలా వచ్చిందో తెలియదు. "నదిలో ఉందండీ. మొన్న మీరు తిన్న చేపను పట్టింది అదే," అన్నాను.

దళపతి కింద పడ్డ మిగతా బాణాలు ఏరాడు. ఒకదానికి మట్టి ముద్ద, ఒకదానికి మసి పూసిన ముల్లంగి. నాన్న పక్కనున్న సైనికుడివైపు తిరిగాడు.

"ఈ ముల్లంగి నీదేనా, బీటుస్? నీకూ వల ఉందా?"

"లేదయ్యగారూ. గాలం."

బెత్తం ఎవరి మీదా పడలేదు గాని, నీళ్లు తగ్గగానే సీసమంతా డాళ్లకు తిరిగి రావాలని ఆజ్ఞ. వచ్చింది. ఆ రోజు నుంచి కోటలో పప్పు, మళ్లీ పప్పు.

ఒక మధ్యాహ్నం దళపతి మా గుమ్మంలోకొచ్చాడు. "చేపలేం లేవా?"

"సీసం డాలు వెనక ఉందయ్యగారూ," అన్నాడు నాన్న.

ఆయన నదివైపు చూశాడు. "ఒక్కడికి అయిదు బాణాలు ఎక్కువేమో. మూడు చాలవూ?"

"నా విడుదల సంగతి?"

"వసంతంలో వెళ్లు. వల మాత్రం ఇక్కడే వదిలి వెళ్లు."

గుమ్మం దాటుతూ నావైపు తిరిగి, "ఉప్పు," అన్నాడు.