వేడి తగిలిన రాగి

నేను ఒక రాగి బిళ్లను. బొటనవేలి గోరంత ఉంటాను. ఒంటిమీద నలభై ఏడు గుంటలున్నాయి, అన్నీ వజ్రపు మొనతో గుచ్చినవే. ఒక వస్తువు గట్టిదో మెత్తదో తెలుసుకోవాలంటే మనుషులకు గుచ్చడం తప్ప వేరే దారి తోచదు. నాకు మాత్రం విసుగొచ్చేసింది.

వరంగల్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో, నీలి రంగు ద్రావణంలోంచి కరెంటు నన్ను పొరపొరగా పేర్చింది. చేయించింది సుహాసిని. గుంటూరు నుంచి వచ్చి ఐదేళ్లుగా ఇక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి. లోహమంటే మీకు ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ లోపలంతా గింజలే. మామూలు రాగిలో గింజ పెద్ద హాలంత అనుకుంటే, నాలో అగ్గిపెట్టెంత. నన్ను నొక్కితే లోపల ఒక జారుడు మొదలవుతుంది, గింజ అంచున గోడ తగలగానే ఆగిపోతుంది. గింజలు చిన్నవైతే గోడలెక్కువ, గోడలెక్కువైతే గట్టిదనమెక్కువ. మరీ చిన్నవైపోతే గింజలే ఒకదాని పక్కన ఒకటి జారి లోహం మళ్లీ మెత్తబడుతుందట. ఆ మలుపు ఎక్కడుందో చూపించడమే సుహాసిని థీసిస్.

ఎక్స్‌రే మెషిన్‌లో పెట్టి నా గింజలు కొలిచింది. ఇరవై ఐదు నానోమీటర్లు. తర్వాత నునుపు పట్టమని టెక్నీషియన్ సారయ్య చేతికిచ్చింది. ఏ ముక్క వచ్చినా సారయ్య దాన్ని బేకలైట్ అనే ప్లాస్టిక్ పొడిలో పాతి, వేడి ప్రెస్‌లో బిగించి, పొడి గట్టిపడ్డాకే నునుపు చేస్తాడు. ఉక్కుకు ఆ వేడి చలికాలపు ఎండలాంటిది. నాకు కాదు. పది నిమిషాల్లో నా గింజలు ఒకదాన్నొకటి మింగేశాయి, గోడలన్నీ కూలిపోయాయి. చెబుదామంటే నాకు నోరేదీ?

వజ్రం దిగింది. రెండు వందలు రావాల్సిన గట్టిదనం తొంభై ఐదే వచ్చింది. గైడు చక్రపాణి గారు కుర్చీలోంచి లేచారు.

"మలుపు దొరికిందమ్మా! ఇరవై ఐదు దగ్గరే మెత్తబడింది. ఇంతవరకూ ఎవరూ చూపించలేదు!"

పుట్టినప్పటి గింజల కొలతనూ, కాలిన తర్వాతి గట్టిదనాన్నీ ఒకే గీత మీద పెట్టి పేపరు పంపించారు. సుహాసిని ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, నా థీసిస్ అయిపోయినట్టేనే" అని ఏడ్చింది. నాకు జాలేసింది.

నెల తర్వాత ప్రెస్‌లో హీటర్ పోయింది. సారయ్య అదే కొలత గింజలున్న నా తోబుట్టువును పళ్ల డాక్టర్లు వాడే సిమెంటులో, వేడి లేకుండా పోసి ఇచ్చాడు. దానిమీద వజ్రం దిగితే రెండు వందల పది! సుహాసిని మళ్లీ గుచ్చింది, మళ్లీ అంతే. నన్నూ తెచ్చి ఇంకో రెండుసార్లు గుచ్చింది. నిండా మునిగినవాడికి చలేమిటి? తర్వాత ఎక్స్‌రేలో పెట్టింది. నా గింజలు ఆ మెషిన్ కొలవలేనంత పెద్దవైపోయాయి.

"సారయ్య గారూ, దీన్నెంత వేడిలో పెట్టారు?"

"ఎప్పటి లెక్కనే మేడం, నూట డెబ్బై. ఇరవై రెండేండ్ల సంది గట్లనే పెడుతున్న." అంతలోనే నన్ను చేతిలోకి తీసుకుని చూశాడు. "నాతోని ఏమన్న ఖరాబైందా?"

"మీ తప్పేం లేదండీ. అడగాల్సింది నేను."

పేపరు అచ్చుకు తీసుకుంటున్నామన్న మెయిల్ అప్పటికే వచ్చింది. చక్రపాణి గారు రెండు ఎక్స్‌రే కాగితాలనూ చాలాసేపు చూశారు.

"వెనక్కి తీసుకుంటే ఏడాది పోతుంది. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు కూడా" అన్నారు నీరసంగా.

"నాకు తెలిసిపోయింది కదండీ."

పత్రికవాళ్లకు ఆయనే మెయిల్ రాశారు. పేపరు వెనక్కి వచ్చింది. పదకొండు బిళ్లలు మళ్లీ చేసుకుంది సుహాసిని. వాటిని సిమెంటులో పెట్టినప్పుడల్లా సారయ్య టీకి కూడా కదలకుండా పక్కనే కూర్చున్నాడు. ఇరవై ఐదు దగ్గర మలుపు లేదని తేలింది. ఆ గీత పైకే పోతోంది. నన్ను పనికిరాని ముక్కల డబ్బాలో వేశారు. అక్కడ ఎవరూ గుచ్చరు గనుక నాకు బాగానే ఉంది.

ఏడాదిన్నరకు థీసిస్ బైండై వచ్చింది. అందులో పొరపాటు ఎలా జరిగిందో చెప్పే పేజీ ఒకటుంది. అది నా గురించే. 'బిళ్లను వేడి ప్రెస్‌లో పెట్టింది నేనే' అని రాసుకుంది సుహాసిని. సారయ్య ఆ పేజీని ఎవరిచేతో చదివించుకుని, డబ్బాలోంచి నన్ను వెతికి తీసి, ఆమె ముందు పెట్టాడు.

"అబద్ధం రాసినవు గద బిడ్డా" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆమెను మేడం అనకుండా పిలవడం అదే మొదటిసారి.