మిచియో తోమిన ఇంజను

నల్ల చిక్కుళ్లు నానబెట్టిందా లేదా, నానబెట్టింది, మూత కూడా పెట్టింది, సోయా సాసు తగ్గిందేమోనన్న అనుమానం ఒక్కటే, అది అమ్మే దుకాణం సాయంత్రం దాకా ఉంటుంది గానీ ఈ గ్యారేజీ మాత్రం ఇవాళ పన్నెండుకి తలుపు దించితే మళ్లీ కొత్త సంవత్సరం ఐదో తేదీకే ఎత్తేది, గోడ గడియారం పదిన్నర దాటేసింది, అనుకుంటూ మిచియో కిరోసిన్ హీటరు దగ్గర చేతులు కాచుకుంటోంది, ఎదురుగా ఆ ఎర్ర కారు నోరు తెరుచుకుని ఉంది, దాని నోట్లో రెండు తలలు, ఒకటి మొగుడు తమోత్సుది, రెండోది గ్యారేజీ యజమాని వకుయిది, ఇద్దరూ బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు, అరవై రెండేళ్లొచ్చినా ఒరేయ్ అనుకోవడం మానలేదు, నిన్న సాయంత్రం ఆనకట్ట దాకా వెళ్లొస్తానని బయల్దేరిన తమోత్సు మొహం వేలాడేసుకుని వచ్చాడు, చదును రోడ్డు మీద బుద్ధిగానే ఉంటుందట, ఎత్తెక్కేటప్పుడు టర్బో ఊదడం మొదలెట్టగానే ఇంజను మిస్సవుతోందట, వెక్కిళ్లు పట్టిన మనిషిలా తడబడుతోందట, అన్నం కూడా సగమే తిన్నాడు, ఇంత పెద్ద టర్బో ఈ ముసలి బండికి ఎందుకురా అంటే విన్నావా అని ఇప్పుడు వకుయి దెప్పుతున్నాడు, బిగించింది నువ్వేగా అని తమోత్సు, బిగించకపోతే నా ప్రాణం తినేవాడివిగా అని వకుయి, వీళ్ల పోట్లాట వింటుంటే పొద్దు తెలియదు.

బండికి తగిలించిన కంప్యూటరు తప్పు మూడో సిలిండరుది అంటోంది, అయితే ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిలే అయ్యుంటుంది అని వకుయి మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి పెట్టాడు, తప్పు కాయిల్‌దైతే జబ్బు దానితోపాటు రెండోదానికి పోవాలి చెల్లెమ్మా అని మిచియోకి పాఠం కూడా చెప్పాడు, వెనక కొండ దారి ఎక్కి దిగి వచ్చాడు, జబ్బు ఎక్కడికీ పోలేదు, మూడోదే, ప్లగ్గులు అటూ ఇటూ మార్చాడు, మళ్లీ కొండ, మళ్లీ మూడోదే, ఇదేం మొండిఘటంరా అని తల గోక్కుని, అవునూ ఇంజను ఇంత తళతళలాడుతోంది, ఎప్పుడు తోమావురా అన్నాడు, నేను ఎప్పుడూ ఇలాగే ఉంచుతాను అని తమోత్సు సిగ్గులేకుండా అనేశాడు, మిచియోకి నవ్వొచ్చింది, అంతలోనే గుర్తొచ్చింది, తోమింది తనే, మొన్న ఈయన పేట సంఘం వాళ్లతో పండగ మోచి ముద్దలకి అన్నం దంచడానికి వెళ్లినప్పుడు, ఏడాది చివరి శుభ్రం అంతా అయిపోయి, కిటికీ చట్రాలు, స్నానాల గది గోడలు, పొయ్యి మీది ఫ్యాను జిడ్డు, అన్నీ అయిపోయి చేతిలో బ్రష్షూ గిన్నెలో సబ్బు నీళ్లూ మిగిలితే బానెట్ ఎత్తింది, ఎందుకు ఎత్తిందో అడక్కండి, మూడో కాయిల్ వెనక తీగల కట్ట జిడ్డుకి అతుక్కుపోయి ఉంటే, దాని కింద తోమడానికి ముల్లంగి పీకినట్టు ఒక్క లాగు లాగింది, లోపలెక్కడో టిక్ మంది, పైకి ఏమీ తెగలేదు, పాత బండి చప్పుడు చెయ్యకుండా ఉంటుందా అని సర్దేసి బానెట్ మూసింది.

ఒత్తిడి కొలిచాడు వకుయి, మూడోదాంట్లో రవ్వంత తక్కువ, బాగుందనీ అనలేను, పోయిందనీ అనలేను, పిస్టను చీలిందేమో, విప్పితే గానీ తెలీదురా అన్నాడు, తమోత్సు టోపీ తీసి చేత్తో పట్టుకుని, విప్పొద్దులే, ఇరవై ఐదేళ్లు పరిగెత్తింది, ఇక పడుకోబెడదాం, మిచియో ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది, ఆ జారుడు తలుపుల చిన్న బండి కొనేద్దాం అన్నాడు, మిచియో గుండె ఎగిరి గంతేసింది, మోకాళ్లు పట్టుకుని దిగే పని లేదు, పది కిలోల బియ్యం బస్తా వెనక హాయిగా పడుతుంది, సూపర్ మార్కెట్టు ముందు ఆగితే అందరూ తలలు తిప్పి చూడరు, ఏళ్ల తరబడి నోరు నొప్పెట్టేలా అడిగినా రానిది ఇవాళ నోరు మూసుకుంటే చాలు వచ్చేస్తుంది, ఆ టిక్ విన్నది ప్రపంచంలో తనొక్కతే, కానీ వకుయి ఒక్క వెటకారం కూడా ఆడలేదు, స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు, అది చూసి మిచియోకి నిజంగా భయమేసింది.

మొన్న అక్టోబరులో కంటి డాక్టరు మొగుడి కళ్లలో చుక్కలు వేస్తే అతనికి రోడ్డంతా మసకైపోయి ఆ రోజు బండి తనే నడపాల్సి వచ్చింది, కొండ మలుపు దాటి కాలు కాస్త గట్టిగా నొక్కితే వెనకనుంచి ఎవరో ఎత్తి తోసినట్టు బండి దూకింది, అమ్మో అని అరిచింది, ఏమైంది ఏమైంది అని అతను కంగారుపడితే ఛీ దిక్కుమాలిన బండి అంది, అన్నప్పుడు తన మొహం చేటంత అయిందని అతనికెలా తెలుస్తుంది, ఆ రాత్రి నిద్రలో కూడా గేర్లు మార్చింది, ఇప్పుడా పిస్టను చీలిందని ఒక అబద్ధాన్ని నమ్మి ఇద్దరు పెద్దమనుషులు బిక్కమొహాలు వేసుకుని నిలబడితే తను చేతులు కాచుకుంటోంది, థూ, ఏవండీ, ఆ తీగ నేను లాగానండీ, ఏ తీగ, అదేనండీ, తోముతూ లాగాను, టిక్ మంది, తోమావా, నువ్వా, దీన్నా, అని తమోత్సు నోరు తెరిచాడు, వకుయి మాత్రం ఒక్క గెంతులో వెళ్లి ఇంజను స్టార్ట్ చేసి, చూపించు చెల్లెమ్మా ఏదో అన్నాడు, మిచియో వేలు పెట్టి తీగని కదిపింది, ఇంజను వెక్కింది, వదిలేసింది, కుదురుగా తిరిగింది, మళ్లీ కదిపింది, మళ్లీ వెక్కింది, దొరికాడురా దొంగ అని వకుయి పొలికేక పెట్టాడు, పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది, ఊరికే ఉన్నంతసేపూ కొసలు తగులుతున్నాయి, ఎత్తులో ఇంజను ఒరిగేసరికి విడిపోతున్నాయి, ఒరేయ్ నీ పిస్టను గుండ్రాయిలా ఉందిరా.

కొత్త తీగ ముక్క అతికేసరికి పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది, కొండెక్కి చూసి రారా అని వకుయి తాళం చెవి స్నేహితుడికి ఇవ్వబోతే మధ్యలో మిచియో చెయ్యి చాపింది, తోమింది నేను, తెంచింది నేను, చూసొచ్చేదీ నేనే, అంటే వకుయి పడీపడీ నవ్వాడు, ఎక్కరా ఎక్కు, ఇవాళ డ్రైవరమ్మ దొరికింది అన్నాడు, తమోత్సు అటువైపు తిరిగి వెళ్లి ఎడమ సీట్లోకి ఒరుగుతూ, అబ్బా నా మోకాలు, ఇంత కిందకా ఇది, అని మూలిగాడు, కొండ మొదట్లో రెండో గేరు, మలుపు దాటాక మూడో గేరు, టర్బో ఊదింది, ఒక్క వెక్కు కూడా లేదు, చెట్లు గబగబా వెనక్కి పోతున్నాయి, మెల్లగానే, మెల్లగానే అని పక్కనుంచి మొగుడు తలుపు పిడి పట్టుకుని అరుస్తున్నాడు, సరిగ్గా తను ఇన్నేళ్లూ అరిచినట్టే, ఏం దిక్కుమాలిన బండి అని కూడా అన్నాడు, మిచియోకి నవ్వాగలేదు, ఆ నవ్వు మధ్యలో విషయం తెలిసిపోయింది, ఇరవై ఐదేళ్లుగా తనకి గిట్టనిది ఈ కారు కాదు, దాని ఎడమ సీటు.