రోహిణి కార్తె దాటిన ఏంజెలికా

ఇక చాలు, ఇంకో చెంబు పోస్తే వేరు కుళ్లుతుంది, కుళ్లు అనే మాట మనసులోకి వస్తే చాలు దీనమ్మకు ఇప్పటికీ పసుపు చేనే కళ్లముందు నిలుస్తుంది, పెళ్లయిన ఏడు దుగ్గిరాల దగ్గర అత్తవారి చేలో కొత్త కోడలి చేత తొలి కొమ్ము పెట్టించారు, ఆ ఏడే దుంపకుళ్లు వచ్చి చేనంతా పోయింది, అంతే, అప్పటినుంచి అత్తగారు అచ్చమ్మది ఒకటే మాట, నీ చెయ్యి అచ్చిరాదమ్మాయ్, గట్టుమీద కూర్చుని క్యారేజీలు చూసుకో, ఇన్నేళ్లూ గట్టుమీదే కూర్చుంది, తన పెరట్లో బీరగింజ పెట్టాలన్నా తనకే జంకు, అలాంటిది ఇప్పుడు తెనాలిలో ఈ నీళ్ల గోలెం పక్కన, రోళ్లు పగిలే రోహిణి కార్తెను దాటుకుని, చలిదేశపు ఏంజెలికా మొక్క మూరెడెత్తు నిలబడింది, ఆకు నలిపితే సోంపూ కొత్తిమీరా కలిపి దంచిన వాసన, ప్రభువా, ఇది నేను పెంచిందే!

రేపల్లెలో తన కాన్పులు చేసిన జర్మనీ డాక్టరమ్మ వాళ్ల ఊరినుంచి తెచ్చిచ్చిన గింజలు, ముందు కొన్నాళ్లు చలిలో ఉంచు, తర్వాత చల్లు, మట్టి మాత్రం కప్పకు, వీటికి వెలుతురు కావాలి అని మరీమరీ చెప్పింది, తనింట్లో ఫ్రిజ్ ఎక్కడిది, పక్కింటి సుల్తాన్ బీ పాలగిన్నె పక్కకు జరిపి పొట్లానికి చోటిచ్చింది, మీ దొరసాని గింజలకి చలిజ్వరం రాకుండా చూస్తాలే అక్కా అని నవ్వింది, క్రిస్మస్‌కు ముందు సగం గింజలు తడిమట్టి మీద చల్లి లోపలికెళ్లి వచ్చేసరికి పండక్కి వచ్చిన అత్తగారు వాటిమీద బెత్తెడు మట్టి కప్పి అదుముతోంది, గింజని అట్టా బయట పారేస్తే పిచ్చుకలు బతకనిస్తయ్యా, పసుపు పండించే చెయ్యి నాది, దీనమ్మ నోరు మెదపలేదు, ఏనాడు మెదిపింది కనక, ఒక్క మొలకా రాలేదు, చూశావా నీ చెయ్యి అంది అత్తగారు, బాపట్ల నుంచి వచ్చిన ఆడపడుచు ముసిముసిగా నవ్వింది, అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని దీనమ్మ లోలోపలే అనుకుంది.

మిగిలిన సగం జనవరిలో ఎవరికీ చెప్పకుండా చల్లింది, మట్టి కప్పడానికి చెయ్యి దానంతటదే లేస్తే వెనక్కి లాక్కుంది, పిచ్చుకలకు అడ్డంగా పాత దోమతెర ముక్క పరిచింది, పచ్చగా మొలకలు కనిపించిన రోజు గోడమీంచి సుల్తాన్ బీని కేకేసింది, ఎండలకి చూడు, మాడిపోద్ది అన్నాడు భర్త జార్జి, ఎండలూ వచ్చాయి, తడిగోనెలు కట్టింది, అన్నీ పోయి ఒక్కటే మిగిలింది, ఆ ఒక్కటీ చాలు.

ఇప్పుడు వెనక అత్తగారు, పసుపు నాట్లకు పిలవడానికి పొద్దున బస్సుకే వచ్చింది, ఇదేంటమ్మాయ్ ఇంత ఏపుగా ఉంది, ఆ గింజలేనండి అత్తయ్యా, మిగిలినయ్యి, మట్టి కప్పలా, కప్పలేదండి, ముసలామె ఆకు తుంచి వాసన చూసి కొంగున ముడేసుకుంది, అటు తిరిగి, రేపు తొలి కొమ్ము నువ్వే పెడుదువుగాని రా అంది, దీనమ్మకు గుండెలో బాజాలు మోగాయి, ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట, సరేనండి అని తల వంచాల్సిందే, కానీ నోరు ఆగలేదు, వస్తానండి, కాకపోతే నా చెయ్యి ఇవాళ కొత్తగా మంచిదవలేదు అత్తయ్యా, ఆ ఏడు కాలువకి గండిపడి చేలో నీళ్లు నిలిచినయ్యి, కొమ్ములు అందుకే కుళ్లినయ్యి, అనేసింది, ఇక పిడుగు పడుతుందనుకుంది, గండి పడిందిలే, నేను చూళ్లేదా ఏంటి, అని గొణిగి అచ్చమ్మ లోపలికి నడిచింది, చూసిందట, దీనమ్మకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది, పగలబడి నవ్వింది, గోడవతల సుల్తాన్ బీ ఏమైందక్కా అంటున్నా ఆగలేదు, మట్టి అంటిన కుడిచేతిని ఎండలోకి చాపి చూసుకుంది, ఇన్నాళ్లూ తప్పు చేసినదానిలా కొంగుచాటున దాచుకుంది, ఈ చేతికి ఏనాడూ ఏ లోపమూ లేదు.