సర్పంచి గారి మూడో కాన్పు

మా అమ్మను నేను ఇరవై నాలుగేళ్ళు పెద్దమ్మా అని పిలిచాను. ఇందులో నా తప్పేమీ లేదు. చట్టం అలా ఉండేది.

ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీకి పోటీ చేయకూడదని నిబంధన. రేపల్లె పక్కన మా పల్లెలో సర్పంచి పదవి మొదటిసారి దళిత స్త్రీకి కేటాయించారని తెలిసేసరికి నేను కడుపులో ఉన్నాను. అప్పటికే అన్నలిద్దరు. మా అమ్మమ్మకు ఓటైతే ఉండేది గానీ పంచాయతీ అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆమె కూతురు కుమారికి ఆ అరుగు మీద కుర్చీయే దొరకబోతోంది. మధ్యలో నేను అడ్డం పడ్డాను. కుమారి బాపట్లలో ఉన్న చెల్లెలు ఫ్లోరెన్స్ ఇంటికి వెళ్ళి, గుట్టుగా నన్ను కని, పిల్లలు లేని ఆ చెల్లెలి ఒళ్ళో పెట్టి ఒంటరిగా రైలెక్కింది. వరసగా రెండుసార్లు సర్పంచి అయింది.

మంచి సర్పంచి, కాదనను. పల్లెకు కుళాయిలు, వీధిదీపాలు, సిమెంటు రోడ్డు ఆమె చలవే. పదో తరగతిలో ఉండగా ఫ్లోరెన్సమ్మ నాకు నిజం చెప్పేసింది. ఆ తర్వాత సెలవులకు పల్లెకు వెళితే కుళాయి దగ్గర ఆడవాళ్ళు "ఈ నీళ్ళు మీ పెద్దమ్మ పుణ్యమే తల్లీ" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

మొన్నామధ్య ఆ నిబంధన ఎత్తేశారు. నేను తెనాలిలో సోషల్ టీచర్ని. స్టాఫ్ రూములో పేపరు చదువుతూ ఏడ్చేశాను. పిల్లలకు హక్కుల పాఠం ఎన్నిసార్లు చెప్పానో! ఒక హక్కు పెరిగితే నాకు అమ్మ దొరుకుతుందని ఏ పాఠంలోనూ లేదు. ఆ సాయంత్రమే మా అమ్మకు ఫోన్ చేశాను.

"ఇప్పుడు చెప్పొచ్చుగా?"

"పోటీ చేయొచ్చు, సరేనే. పాత గెలుపులు తవ్వరూ? ఈ ఎన్నికలు అవనీ."

ఎన్నికలు అవనీ! నేను పుట్టిన దగ్గర్నుంచీ ఇదే పాట. "నీకు కుర్చీ కావాలి, అంతే" అని ఫోన్ పెట్టేశాను.

ఇంతలో నాకు పెళ్ళి కుదిరింది. వినోద్ కుమార్‌ది కూడా ఆ పల్లే. అతనికి ముందే అన్నీ చెప్పాను. మా లూథరన్ చర్చిల్లో పెళ్ళికి ముందు ఆదివారాల్లో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడికి, ఫలానా వారి కుమార్తెకు వివాహం, ఎవరికైనా అభ్యంతరముంటే తెలపండి అని. మొదట బాపట్లలో చదివారు. తర్వాతి వారం పల్లెలో. నేనూ ఫ్లోరెన్సమ్మా తెనాలిలో బండి మారి రేపల్లెలో దిగి, ఆటోలో వెళ్ళాం.

చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు ముందు బెంచీలో మా అమ్మ. మగవాళ్ళ వైపు ఆదాము. ఆమె మీద భార్యను నిలబెట్టి రెండుసార్లూ ఓడిన మనిషి.

పాస్టరు గారు చదివారు. "బాపట్ల వాస్తవ్యులు వరప్రసాదం, ఫ్లోరెన్స్ గార్ల కుమార్తె ఏంజెల్..." నేను తల వంచుకున్నాను. "ఎవరికైనా అభ్యంతరమున్నయెడల..."

ఆ మాటకు ఎప్పుడూ ఎవరూ లేవరు. మా అమ్మ లేచింది.

"నాకుందండి, అయ్యగారూ."

వినోద్ తల్లి గుండె పట్టుకుంది.

"పెళ్ళికి కాదండి. ఆ చదివిన పేర్లకి. ఏంజెల్ నా బిడ్డండి. నా మూడో కాన్పు. పోటీ చేయడం కోసం దాచిపెట్టాను."

అంతటితో ఆపి కూర్చోబోయింది. నా పక్కనుంచి ఫ్లోరెన్సమ్మ గట్టిగా అంది. "కూర్చోకక్కా. మొత్తం చెప్పెయ్."

"ఇన్నాళ్ళూ చట్టం ఒప్పుకోదన్నాను. చట్టం ఒప్పుకున్నాక కూడా నాకు నోరు రాలేదు. అది మాత్రం నా తప్పే."

ఆదాము లేచాడు. "అంటే రెండుసార్లూ అబద్ధం చెప్పి గెలిచావన్నమాట!"

"అవును, బావా. ఈసారి ముగ్గురు పిల్లలని చెప్పుకునే నిలబడతా. ఓడిస్తే ఓడించండి."

"ఓడించక వదుల్తామా?" అన్నాడు. తర్వాత నా వంక చూశాడు. ఏమనుకున్నాడో, గొంతు తగ్గింది. "ఆ సంగతి ఓట్లప్పుడు చూసుకుందాం. ముందు పిల్లకి తల్లి పేరు చదవండి, అయ్యగారూ."

పాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టారు. "కుమారి గారు కన్నటువంటి, వరప్రసాదం, ఫ్లోరెన్స్ గార్లు పెంచినటువంటి కుమార్తె ఏంజెల్..." అభ్యంతరం సంగతి మళ్ళీ అడిగారు. ఎవరూ లేవలేదు.

నాకు ఆ క్షణాన కృతజ్ఞత ఆగలేదు. ఎక్కడో శాసనసభలో కూర్చుని ఆ నిబంధన కొట్టేసిన, నా పేరైనా తెలియని వాళ్ళ పట్ల. నన్ను కడుపులో పెట్టుకుని పెంచి, ఈరోజు అక్కను కూర్చోనివ్వని ఫ్లోరెన్సమ్మ పట్ల. చివరికి ఆదాము పట్ల కూడా.

మా అమ్మ ఇంకా నిలబడే ఉంది. ముందు బెంచీ వదిలి మా బెంచీ దాకా వచ్చి ఆగిపోయింది. గ్రామసభలో ఊరందరినీ కూర్చోబెట్టిన మనిషి, తను ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు చూసింది. ఫ్లోరెన్సమ్మ పక్కకు జరిగింది.

"రా అమ్మా, ఇక్కడ కూర్చో," అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.